అరిజోనా యెడారిలో మార్మనులు

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరృతి మూలను అరిజోనా యను రాష్ట్రము గలదు. ఉత్తరమున యూటా రాష్ట్రము, దక్షిణమున మెక్సికో దేశము దానికి సరిహద్దులు. దాని దక్షిణ భాగము వేసవిలో నిప్పులు చెఱుగు ఎడారి. ఉత్తర భాగము ఎత్తైన పీఠభూమి. దానిని చీల్చుకొని కొలరాడో నది మైలు లోతు గల లోయలో పాఱుచుండును. ఆ దేశమున నదులు లేకపోలేదు. కాని వాన కురిసిన నాడు ఒడ్డులను మ్రింగి, కొన్నాళ్ళకు ఇసుకను మాత్రము మిగిల్చి పోవునవే పెక్కు. ఇట్టిచోట నేడు, సంఘమువారి లెక్క ప్రకారము, నాలుగు లక్షలకు మించిన మార్మను మతస్థులు నివసించుచున్నారు. రాష్ట్ర జనసంఖ్య డెబ్బది లక్షలు దాటినది గనుక వీరు నూటికి ఐదారుగురే. అయినను వారు త్రవ్విన కాలువలను, వారు నాటిన పట్టణములను తీసివేసినచో అరిజోనా చరిత్రలో మిగులునది తక్కువ.

మార్మనులనగానే చదువుకొన్న మనవారిలో పెక్కుమందికి బహుభార్యాత్వ మొక్కటే స్ఫురించును. అది సంఘము నూట ముప్పది యేండ్లకు పూర్వమే విడిచిపెట్టిన ఆచారము. మార్మనులను పేరే వారికి నేడు రుచింపదు. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘమను పూర్ణనామమునే వాడవలసినదని 2018లో వారి అధ్యక్షుడు కోరెను. చరిత్రలో పాతుకొన్న పేరగుటచే నేనీ వ్యాసమున దానినే వాడుచున్నాను. ఈ సంఘము మనకు బొత్తిగా దూరమైనదియు కాదు. భారతదేశమున వారి మొదటి స్టేకు, అనగా పెక్కు స్థానిక సభలు చేరిన మండలము, 2012లో మన హైదరాబాదునందే యేర్పడినది. కాని నేను వ్రాయబూనుటకు కారణ మది కాదు. ఒక దురాచారమును చట్టముతో మాన్పింప దొరకొన్నప్పుడు, అప్పటికే ఆ యాచారములో చిక్కుకొనియున్న స్త్రీల గతి యేమి? సంస్కారమును కోరు మనబోంట్లకు ఇది తప్పించుకొనరాని ప్రశ్న. దీనికి అరిజోనా చరిత్ర యొక మంచి దృష్టాంతము.

మతము పుట్టుకను క్లుప్తముగా చెప్పెదను. జోసెఫ్ స్మిత్ అను ఇరువది నాలుగేండ్ల యువకుడు 1830లో న్యూయార్కు రాష్ట్రమున ఈ సంఘమును స్థాపించెను. దేవదూత చూపిన బంగారు రేకులనుండి తాననువదించితినని చెప్పి మార్మను గ్రంథమును ఆ యేడే ప్రకటించెను. నమ్మినవారు వెంట నడచిరి, నమ్మనివారు తఱిమిరి. ఒహాయో, మిస్సోరి, ఇల్లినాయి రాష్ట్రములలో నొకదానినుండి మఱియొకదానికి వీరు పోవలసి వచ్చెను. వీరిని వెడలగొట్టవలెను, లేదా నిర్మూలింపవలెనని 1838లో మిస్సోరి గవర్నరు వ్రాతమూలకముగనే ఉత్తరువు చేసెను. 1844 జూన్ 27వ తేదీని ఇల్లినాయిలో చెఱసాలయందున్న స్మిత్తును అల్లరి మూక కాల్చి చంపెను. పిమ్మట బ్రిగమ్ యంగ్ నాయకుడై, తన వారిని నడిపించుకొని 1847 జూలైలో ఉప్పు సరస్సు లోయను చేరెను. అదియే నేటి యూటా.

ఎవరికిని అక్కఱలేని నేల గనుకనే ఎడారిని వారు కోరుకొనిరి. ఆ ఎడారి వారికి నేర్పిన విద్య నీటిని పంచుకొనుట. ఇంగ్లీషు ధర్మశాస్త్రము ప్రకారము ఏటి నీటిపై హక్కు ఒడ్డున భూమి గలవానిది. వానలు సమృద్ధిగా గల దేశమున ఆ న్యాయము చెల్లును. ఎడారిలో అట్లు చేసినచో ఒడ్డునున్నవాడొకడు బ్రదుకును, మిగిలిన ఊరంతయు ఎండిపోవును. మార్మనులు కాలువను కలసి త్రవ్విరి, త్రవ్విన పనిని బట్టి నీటిని పంచుకొనిరి, తగవు వచ్చినప్పుడు బిషప్పు తీర్పునకు లోబడిరి. బిషప్పనగా జీతము పుచ్చుకొను మతాచార్యుడని చదువరులు తలపరాదు. అతడును పొలము దున్నుకొని బ్రదుకు గృహస్థుడే. మఱియొక పద్ధతి గూడ వారికి గలదు. దానిని వారు పిలుపందురు. సభలో ఒక దినమున పేర్లు చదువుదురు. పేరు వినబడినవాడు ఇల్లమ్ముకొని, బండి కట్టుకొని, భార్యాబిడ్డలతో చెప్పిన చోటికి పోవలయును. పోనన్నవారు లేకపోలేదు గాని పోయినవారే యెక్కువ.

అరిజోనా కిట్లే పోయిరి. ఆ నేలను మొదట త్రొక్కిన మార్మనులు సైనికులు. 1846లో మెక్సికోతో యుద్ధము జరుగునప్పుడు సుమారు 500 మంది మార్మనులు అమెరికా సైన్యమున చేరి, ఆ డిసెంబరులో టూసన్ పట్టణము మీదుగా పడమటి సముద్రమునకు నడచిపోయిరి. 1858 మొదలు జేకబ్ హాంబ్లిన్ అను నతడు హోపీ జాతివారి గ్రామములకు పలుమాఱులు పోయివచ్చెను. కాపురముండుటకు 1873లో బయలుదేరిన పెద్ద బిడారు లిటిల్ కొలరాడో నదిని చూచి గుండె చెదరి మఱలిపోయెను. అరిజోనా యాత్ర చచ్చినదని వారిలో నొకడు రాతిమీద చెక్కెనట.

మూడేండ్లకు మఱల పిలుపు వచ్చెను. 1876లో రెండు వందల మంది, ఏబదేసి మంది చొప్పున నాలుగు దండులై, మంచులో బయలుదేరి ఆ నది యొడ్డుననే దిగిరి. నాలుగు ఊళ్ళు వెలసినవి: సన్‌సెట్, బ్రిగమ్ సిటీ, ఒబెడ్, సెయింట్ జోసెఫ్. దుంగలు, కంప, రాళ్ళు, మన్ను వేసి కట్టిన ఆనకట్ట వరద రాగానే కొట్టుకొనిపోయెను. మఱల కట్టిరి, మఱల పోయెను. నీరు ఎఱ్ఱని బురద, ఉప్పన. ఒబెడు నివాసులు చలిజ్వరములచే పీడింపబడి త్వరలోనే ఊరు విడిచిరి. బ్రిగమ్ సిటీ ఐదాఱేండ్లు నిలిచెను. సన్‌సెట్ 1880ల తుదినాటికి పాడుపడెను. నాలుగింటిలో నేటికి మిగిలినది సెయింట్ జోసెఫ్ ఒక్కటే. 1923 నుండి దాని పేరు జోసెఫ్ సిటీ. ఆ యూరివారు ఒక తరము కాలము ఆనకట్టలు కట్టుచునే యుండిరి. ఒక్కొక్కడు తనకై తాను వచ్చియుండినచో రెండవ వరదకే ఊరు ఖాళీ యయ్యెడిది. సంఘము పంపగా వచ్చితిమి, సంఘము పొమ్మనువఱకు పోరాదు అను పట్టుదలయే వారిని నిలిపినది.

ఆ యూళ్ళలో ఆస్తి ఉమ్మడి, భోజనము ఉమ్మడి. కోటవంటి ఆవరణములో పొడవైన భోజనశాల. పురుషులు, స్త్రీలు, పిల్లలు అచ్చటనే భుజించిరి. వంట స్త్రీలు వంతులవారీగా చేసిరి. ఉమ్మడి భోజనమును మెచ్చుకొని వ్రాసిన పురుషుల వ్రాతలు చదువునప్పుడు, ఆ వంతుల పట్టికను గూర్చి యొక స్త్రీ వ్రాసియున్న బాగుండునని నాకు తోచుచుండును. ఆ ఉమ్మడి పది పండ్రెండేండ్లకు మించి నిలువలేదు. సన్‌సెట్ నాయకుడు లాట్ స్మిత్ కఠినుడని పేరు పొందెను. ఊరు చెడిన పిమ్మట, 1892లో, తన బీటిలో మేయుచున్న గొఱ్ఱెలను గూర్చి నవాహో జాతివారితో కలహించి వారి తుపాకికి బలియయ్యెను.

మంచి చోట్లు పిమ్మట దొరకినవి. విలియం ఫ్లేక్ అను నతడు 1878లో ఒక పశువుల భూమిని కొని, పిలుపు పొందక ఆశ్రయము లేక వచ్చినవారిని సైతము దానిలో చేర్చుకొనెను. ఎరాస్టస్ స్నో అను సంఘపు పెద్ద ఆ చోటిని చూచి మెచ్చెను. ఇద్దరి పేర్లును కలిపి ఊరికి స్నోఫ్లేక్ అని పేరు పెట్టిరి. ఇంగ్లీషున ఆ మాటకు మంచు పువ్వని యర్థము. అరిజోనాలో ఈ పేరేమని నవ్వుకొనువారికి ఇదియే సమాధానము. దక్షిణమున సాల్టు నది లోయలో 1878లోనే మేసా పట్టణమును స్థాపించిరి. అచ్చట వారి కన్నులబడిన వింత యేమనగా, ఎడారిలో పూడిపోయిన పాత కాలువలు. అవి హోహోకమ్ అని మనము పిలుచు ప్రాచీన జాతివారు త్రవ్వినవి. ఆ జాతి ఆ లోయలో వందల మైళ్ళ కాలువలతో సేద్యము చేసి, ఐరోపావారు రాకమునుపే, పదునైదవ శతాబ్దిలో, ఆ యూళ్ళను విడిచిపెట్టినది. మార్మనులు ఆ కాలువలలో పూడిక తీసి నీరు పాఱించిరి. నేడు ఐదు లక్షల జనము గల మేసా నగరపు పునాది, పేరైన తెలియని ఆ పనివారి పారతో వేయబడినది.

ఈ యూళ్ళకు దేవాలయము లేకుండెను. మార్మనుల నమ్మకము ప్రకారము దేవాలయమున జరిగిన వివాహము మరణముతో తెగిపోదు. భార్యాభర్తలు పరలోకమునను భార్యాభర్తలే. 1877లో యూటాలోని సెయింట్ జార్జి పట్టణమున దేవాలయము సిద్ధము కాగా, అరిజోనా వధూవరులు బండ్లు కట్టుకొని, లీస్ ఫెర్రీ యనుచోట కొలరాడో నదిని బల్లకట్టుపై దాటి, వందల మైళ్ళు నడచి అచ్చటికి పోయి పెండ్లాడి తిరిగివచ్చుచుండిరి. ఆ బాటకు నవదంపతుల బాట యను పేరు నిలిచినది. ఆ రేవు పేరులో నొక దుష్కీర్తియు గలదు. రేవును నడపిన జాన్ లీ, 1857లో మౌంటెన్ మెడోస్ అనుచోట సుమారు 120 మంది బాటసారులను మార్మను సైనికులు చంపిన ఘోరములో పాల్గొన్నవాడు. అందఱి పాపమునకు అతనినొక్కనినే 1877లో కాల్చి దండించిరి. ఆనకట్టను పదిమాఱులు కట్టించిన ఆజ్ఞాపాలనము, ఆ దినమున తుపాకి పట్టించిన ఆజ్ఞాపాలనము వేఱు వేఱని నేను నమ్మజాలను.

ఇక వివాహ విషయము. పురుషుడు పెక్కుమంది భార్యలను పొందుట దైవసమ్మతమని సంఘము 1852లో బహిరంగముగ ప్రకటించెను. అమెరికా శాసనసభ 1862లో దీనిని నేరముగా చేసెను. చట్టము మతస్వాతంత్ర్యమునకు విరుద్ధమని మార్మనులు వాదించిరి. బ్రిగమ్ యంగుకు కార్యదర్శియగు జార్జి రెనాల్డ్సు అభియోగము సుప్రీం కోర్టుదాక పోయి, 1879లో తీర్పు వెలువడెను. నమ్మకమును చట్టము ముట్టరాదు, నడవడిని ముట్టవచ్చును అని ఆ తీర్పు సారము. ప్రధాన న్యాయమూర్తి వెయిట్ ఇందుకు చూపిన ఉదాహరణములలో నొకటి మనది. భర్త చితిపై తాను కాలుట ధర్మమని యొక స్త్రీ నమ్మినచో దానిని ఆపుటకు ప్రభుత్వమునకు అధికారము లేదా? అని ఆయన ప్రశ్నించెను. సహగమనమును గూర్చి రామమోహన రాయలు జరిపిన వాదము సముద్రములు దాటి, యూటాలోని సవతుల వ్యవహారమున సాక్ష్యమైనది. అంతవఱకు మనకు సంతోషమే. కాని అదే తీర్పులో, బహుభార్యాత్వము ఐరోపా జాతులకు ఎల్లప్పుడు రోతయనియు, అది ఆసియా ఆఫ్రికా జనుల బ్రదుకులోనిదనియు వ్రాయబడినది. దురాచారమును ఖండించుటకు అది పరజాతివారి దని చెప్పుట చాలునను ఈ ధోరణి న్యాయము కాదు. స్త్రీకి కలుగు దుఃఖమును బట్టి ఆచారమును ఖండింపవలెను గాని అది యే ఖండమున పుట్టినదో చూచి కాదు. ఆ తీర్పులో సవతి దుఃఖమును గూర్చి చెప్పినది మిక్కిలి స్వల్పము.

ఆ దుఃఖమును తెలిసికొనుటకు సెయింట్ జాన్సు అను అరిజోనా పట్టణమునకు పోవలెను. అచ్చట 1880లో బిషప్పుగా వచ్చిన డేవిడ్ కింగ్ యూడాల్ భార్య పేరు ఎల్లా. ఈమె సామాన్యురాలు కాదు. పదియాఱేండ్ల వయస్సున, 1871లో, పైప్ స్ప్రింగ్ అనుచోట తంతి యంత్రమును నడపినది. అరిజోనా సీమలో మొదటి తంతి ఉద్యోగి ఈమెయే. ఐడా హంట్ స్నోఫ్లేక్ బిషప్పు కుమార్తె. యూడాల్ ఐడాను రెండవ భార్యగా చేసికొనదలచినప్పుడు, ఐడా ఎల్లాకు జాబు వ్రాసి ఆమె సమ్మతి నడిగెను. ఆ విషయము తనకు ఊహింపరానంత వేదన కలిగించినదని, అయినను దేవుని సంకల్పమైనచో ఓర్చుకొందునని ఎల్లా ప్రత్యుత్తరము. 1882 మేలో సెయింట్ జార్జి దేవాలయమున వివాహము జరిగినది. ఎల్లాయు వెంట పోయెను. వందల మైళ్ళ ఆ బండి ప్రయాణమున ఆ ముగ్గురును ఏమి మాటలాడుకొనిరో!

వారు పెండ్లాడుటకు రెండు నెలల ముందే, మార్చిలో, ఎడ్మండ్సు చట్టము వచ్చియుండెను. రెండవ వివాహమునకు ఐదేండ్ల వఱకు శిక్ష. వివాహము ఋజువు కాకున్నను ఒకరికి మించిన స్త్రీలతో కాపురము చేయుచున్నాడని తేలినచో ఆఱు నెలలు. ఋజువెట్లు? రెండవ భార్యను సాక్షిగా పిలిపించుటయే సులభమైన మార్గము. కావున సాక్ష్యము చెప్పవలసి వచ్చునని రెండవ భార్యలు దాగుకొనసాగిరి. 1884లో అరిజోనాలో అభియోగములు మొదలుకాగా ఐడా యూటాకు పోయి బంధువుల యిండ్లలో, తానెవరి భార్యయో బయటికి చెప్పుకొనక, తలదాచుకొనెను. ఆమె తొలి కుమార్తె 1885లో నెఫై అను యూరిలో పుట్టినప్పుడు తండ్రి అరిజోనాలో నుండెను. ఆ దినముల దినచర్యను ఆమె వ్రాసికొనెను. అది నూఱేండ్ల తరువాత, 1992లో అచ్చుపడినది. ఆమె తన వివాహమును నిందింపదు. అది దైవాజ్ఞయనియే ఆమె విశ్వాసము. చట్టము ఆమెను భర్త దాస్యమునుండి విడిపింపవచ్చినది. ఆమెకు మాత్రము అది ఇల్లు లేకుండ చేయు శత్రువు.

ప్రెస్కాట్ పట్టణమున జరిగిన విచారణలలో ముగ్గురికి మూడున్నరేండ్లు శిక్ష విధించి, దూరముననున్న డెట్రాయిట్ చెఱసాలకు పంపిరి. నేర మొప్పుకొన్న ఫ్లేక్ మొదలగు వారికి యూమా చెఱసాలలో ఆఱు నెలలు. యూడాలుపై వివాహాపరాధము ఋజువు కాలేదు. ఒక మిత్రుని భూమిని గూర్చి యిచ్చిన ప్రమాణపత్రము అబద్ధమని వేఱు నేరము మోపి 1885లో డెట్రాయిట్‌కే పంపిరి. ఆ డిసెంబరులో అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ క్షమాపణ నొసగెను. 1887లో ఐడాకు కలిగిన కుమారునికి గ్రోవర్ క్లీవ్‌లాండ్ యూడాల్ అని పేరు పెట్టిరి! ఆ భూమి గల మిత్రుడు మైల్స్ రామ్నీ మెక్సికోకు పాఱిపోయెను. సంఘాధ్యక్షుడు జాన్ టేలర్ 1885 ఆరంభమున అరిజోనాకు వచ్చి మెక్సికోలో తావు చూచుకొనుడని సలహా యిచ్చుటచే, పెక్కు కుటుంబము లట్లే పోయి ఊళ్ళు కట్టుకొనెను. 1912లో అచ్చటి విప్లవముచే వారు మఱల సర్వము విడిచి ఉత్తరమునకు పరుగెత్తిరి. అట్లు వచ్చిన ఐదేండ్ల బాలుడు జార్జి రామ్నీ తరువాత మిచిగన్ గవర్నరయ్యెను. 2012లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన మిట్ రామ్నీ అతని కుమారుడు.

అరిజోనా శాసనసభ 1885లో మఱియొక పని చేసెను. బహుభార్యాత్వము నేర్పు సంఘమున చేరినవారికి వోటు లేకుండ చేయు ప్రమాణమొకటి విధించెను. ఏకపత్నీకుడైన మార్మనుకును వోటు పోయెను. రెండేండ్లకు దానిని రద్దు చేసిరి. యూటాలో జరిగినది ఇంతకంటె విచిత్రము. అచ్చటి స్త్రీలకు 1870లోనే వోటు వచ్చెను. వారు తమ వోటుతోనే సవతుల ఆచారమును తుడిచివేయుదురని తూర్పు పట్టణముల సంస్కర్తలు కొందఱు ఆశించిరి. స్త్రీలట్లు చేయలేదు. 1887లో అమెరికా శాసనసభ ఆ వోటునే లాగివేసెను. స్త్రీలను ఉద్ధరించుటకు చేసిన చట్టములో స్త్రీల వోటును తీసివేయుట ఎట్టి ఉద్ధరణమో నాకు బోధపడదు. ఆ చట్టమే సంఘపు ఆస్తిని గూడ జప్తు చేయించినది. 1890లో సంఘాధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్, ఇకమీదట దేశశాసనమునకు విరుద్ధమైన వివాహములు చేయరాదని ప్రకటించెను. యూటా 1896లోను, అరిజోనా 1912లోను రాష్ట్రములైనవి. అరిజోనా రాజ్యాంగములో బహుభార్యాత్వము ఎల్లప్పటికిని నిషిద్ధమని వ్రాసియున్నది.

నిషేధము సరియైనదే. దానిని గూర్చి సందేహము లేదు. కాని 1890 నాటికి సవతులుగానున్న స్త్రీలేమైరి? చట్టము దృష్టిలో వారు భార్యలు కారు. ఎడ్మండ్సు చట్టము 1883 జనవరి 1వ తేదీకి ముందు పుట్టిన పిల్లలను మాత్రము సక్రమ సంతానముగా అంగీకరించినది; తల్లులను గూర్చి నోరెత్తలేదు. కొందఱు భర్తలు రెండవ యింటికి పోవుట మానిరి. కొందఱు చాటుగా పోయిరి. ఐడా వేఱు యూళ్ళలో, వేఱు పొలముల మీద, చాల కాలము తానే కాయకష్టము చేసి ఆఱుగురు బిడ్డలను పెంచి, 1915లో చనిపోయెను.

మన దేశమున 1949లో మదరాసు శాసనసభ హిందువులలో బహుభార్యాత్వమును నిషేధించెను. 1955లో హిందూ వివాహ చట్టము దేశమంతట నిషేధించెను. అటువంటి బొంబాయి చట్టము మతస్వాతంత్ర్యమునకు భంగకరమని వాదము రాగా, ఆ హైకోర్టు 1951లో దానిని త్రోసివేయుచు అమెరికాలో మార్మనుల విషయమున వచ్చిన తీర్పును గూడ స్మరించెను. అయినను మన 1955 చట్టము వెనుకటి రెండవ వివాహములను చెఱుపలేదు. అప్పటికే సవతి గల భార్య కోరినచో విడాకులు పొందు హక్కు నిచ్చినది. అనగా ఉండుటయో పోవుటయో స్త్రీయే నిర్ణయించుకొనవలసినదని చెప్పినది. ఆ యొక్క సెలవు ఐడాకును ఎల్లాకును దొరకలేదు.

అమెరికావారు ఈ పాఠము నేర్చుకొనిరా యన్నచో, షార్ట్ క్రీక్ కథ లేదనుచున్నది. 1890 ప్రకటనను అంగీకరింపని కొందఱు సంఘమునుండి విడిపోయి, లేదా వెలివేయబడి, అరిజోనా ఉత్తరపు సరిహద్దున ఆ యూరిలో చేరిరి. 1953 జూలై 26వ తేదీని గవర్నరు హొవార్డ్ పైల్ పోలీసులను పంపి ఊరినంతను పట్టుకొనెను. 263 మంది పిల్లలను ప్రభుత్వము స్వాధీనపఱచుకొనెను. తల్లుల చేతులనుండి బిడ్డలను తీసికొనిపోవు చిత్రములు పత్రికలలో చూచి జనులు పైలునే తిట్టిరి. 1954 ఎన్నికలో అతడు ఓడెను. పిల్లలు రెండేండ్లలో దాదాపుగా అందఱును తిరిగివచ్చిరి. తరువాత నలుబదేండ్లు ఏ యధికారియు ఆ యూరి జోలికి పోవుటకు సాహసింపలేదు. ఆ మౌనము చాటున బాలికలను పెద్దవారికి కట్టబెట్టుట సాగినది. ఆ తెగ నాయకుడు వారెన్ జెఫ్స్ 2006లో పట్టువడి, బాలికలను చెఱచిన నేరమునకు 2011లో టెక్సాసున యావజ్జీవ శిక్ష పొందెను. ఒక దినపు దౌర్జన్యము, నలుబదేండ్ల ఉపేక్ష. రెండింటిలో ఏది యెక్కువ కీడు చేసినదో చెప్పుట కష్టము.

మూల సంఘము మాత్రము అమెరికా సామాన్య జీవితమున కలసిపోయినది. 1927లో మేసాలో దేవాలయము వెలసినది. నవదంపతుల బాట పని తీఱినది. 1945లో అచ్చట స్పానిషు భాషలో కర్మలు మొదలైనవి. ఇంగ్లీషు కాక మఱియొక భాషలో దేవాలయ కర్మ జరుగుట అదియే మొదలు. 2002 మొదలు 2017 వఱకు ఇంకను ఐదు దేవాలయములు అరిజోనాలో లేచినవి. గీలా లోయలోని థాచర్ పట్టణమున పెరిగిన స్పెన్సర్ కింబాల్ సంఘాధ్యక్షుడై, 1978లో నల్లజాతివారికి అంతవఱకు లేని యాజకత్వము నొసగెను.

చివరకు నీటి మాట యొకటి మిగిలియున్నది. మేసా ప్రక్కన లీహై యను యూరిని స్థాపించిన డేనియల్ జోన్సు, పొరుగుననున్న పీమా జాతివారిని తమతో సమానముగ చూడవలెననెను. అది నచ్చని కొందఱు సహచరులు అతనిని విడిచి దక్షిణమునకు పోయి సెయింట్ డేవిడ్ అను వేఱు ఊరు కట్టుకొనిరి. పీమాలు తరతరములుగా గీలా నది నీటితో గోధుమ పండించి బాటసారులకు అమ్మినవారు. పై యెత్తున వలసవారు, వారిలో మార్మనులును, కాలువలు త్రవ్వి నీరు మళ్ళించగా, 1890లలో పీమాల పొలములు ఎండి వారు కఱవుపాలైరి. ఎడారిలో తమలో తాము నీటిని న్యాయముగా పంచుకొన్నవారు, దిగువనున్న వానికి పాలు పెట్టలేదు. పోయిన నీటికి బదులు ఆ జాతికి అమెరికా శాసనసభ చట్టమూలకముగా పరిష్కారము చూపినది 2004లో.

వోటు విషయమునను ఆ జాతులవారు వెలుపలనే యుండిరి. ఇండియనులు ప్రభుత్వ సంరక్షణలోని వారు గనుక వోటునకు అర్హులు కారని అరిజోనా సుప్రీం కోర్టు 1928లో తీర్పు చెప్పెను. ఫోర్ట్ మెక్‌డవెల్ నివాసులగు ఫ్రాంక్ హారిసన్, హారీ ఆస్టిన్ అను వారు తమ పేర్లను వోటర్ల పట్టికలో వ్రాసికొనుమని పోరాడగా, అదే కోర్టు 1948 జూలైలో ఏకగ్రీవముగా ఆ పాత తీర్పును కొట్టివేసెను. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి లీవై స్టూవర్ట్ యూడాల్, 1885 ప్రమాణముచే వోటు పోయినవారిలో నొకడైన డేవిడ్ యూడాలునకు ఎల్లాయందు జన్మించిన కుమారుడు.